ట్రాన్స్ పాటలో కోసేసిన ముక్క

మొన్న మా బావ చెవికి మిషను పెట్టించుకున్నాడు. ఆ కబురు చెప్పడానికి ఫోన్ చేసినవాడు, ఇప్పుడు తన మాట తనకు వినబడుతోంది కాబట్టి ఇక అరవనక్కర్లేదన్న సంగతి ఇంకా తట్టక, నా కొట్లో జిరాక్సు కోసం నిలబడ్డ నలుగురూ తలెత్తి చూసేటట్టు అరుస్తూ, అన్నీ బాగానే వినబడుతున్నాయనీ, ఇంటి ముందు కాకులు ఇంత గోల చేస్తాయని ఇన్నేళ్ళూ మరిచేపోయాననీ చెప్పి, పెట్టేసే ముందు ఒక్క మాట అన్నాడు.

"బామ్మర్దీ, ఆదివారం మన పాటలు అట్టుకొచ్చీ. కూకోని ఇందాం."

సరేనని ఫోన్ పెట్టేశాను గానీ, ఆ తర్వాత ఎవరి ఆధార్ కార్డు ఎవరికి ఇచ్చానో నాకే తెలియలేదు. మన పాటలు అంటే ఏవి? పాతికేళ్ళ కిందట మేమిద్దరం కలిసి విన్నవా, ఆ తర్వాత నేను వద్దన్నవా, అవి వద్దని ఆయన నెత్తిన నేను రుద్దినవా? మనిషి ఇన్నాళ్ళకు చెవి తెచ్చుకుని మొదట పాటే అడిగాడు. ఏది వినిపించినా నాకు సిగ్గుచేటే అవుతుందని ఆ నిమిషానే అర్థమైంది. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. మా ఈడు వాళ్ళు, అంటే ఖాళీ సీడీలు కొని పాటలు రాయించుకున్నవాళ్ళు, నెట్ సెంటర్లో గంటకింతని కూర్చున్నవాళ్ళు, నన్ను చూసి నవ్వినా చివరిదాకా వింటారని నమ్మకం.

మన పాటలంటే సినిమా పాటలు కావు, భక్తి పాటలూ కావు. ట్రాన్స్. నెరిసిన జుట్టుతో, ముక్కు మీద కళ్ళజోడుతో ఈ మాట నలుగురిలో అనడానికి ఇప్పటికీ నాకు నోరు పెగలదు. తెలియనివాళ్ళకు చెప్పాలంటే, అది విదేశాల్లో కుర్రకారు పెద్ద పెద్ద మైదానాల్లో ఎగిరే యంత్రాల సంగీతం. డ్రమ్ము మొదలైతే గానుగ తిరిగినట్టు ఒకే తీరున తిరుగుతూ ఉంటుంది, దాని మీద ఒక రాగం చిన్నగా మొలిచి పెరుగుతూ ఉంటుంది, సరిగ్గా పాట నడుమకు వచ్చేసరికి డ్రమ్ము మాయమైపోయి ఆ రాగం ఒక్కటే మిగులుతుంది. కొన్నింట్లో అక్కడ ఒక ఆడమనిషి గొంతు వస్తుంది. ఏమంటుందో మాకు సగం తెలిసేది కాదు, తెలిసిన సగంలో కూడా ఆకాశం, వెళ్ళిపోవడం, పట్టుకో, వదిలెయ్ తప్ప ఏమీ ఉండేవి కావు. ఆ గొంతు మెల్లిగా పైకి, ఇంకా పైకి వెళ్ళి, ఇక వెళ్ళలేదు అనుకున్న చోట డ్రమ్ము వచ్చి పడుతుంది. అక్కడ చేతులెత్తి ఎగరాలి. మాకు చేతులెత్తాలని చెప్పినవాళ్ళెవరూ లేరు, అయినా ఎత్తాం.

మా మావయ్యకు అనకాపల్లిలో మైకుసెట్టు కొట్టు ఉండేది. మా అమ్మకు స్వయానా అన్నగారు. ఆయన కొడుకే మా బావ, నేను ఆ కొట్లో చేరేనాటికే మా అక్కను చేసుకుని రెండు రకాలుగానూ బావ అయ్యాడు. ముందు గది కొట్టు, గోడకు అవతల ఇల్లు. కొట్టు నిండా హారన్లు, ట్యూబులైట్లు, తీగచుట్టలు, ఆంప్లిఫయర్లు, కొబ్బరినూనె సీసా పక్కనే టంకం కడ్డీ. బెల్లం మార్కెట్టుకు దగ్గరే కాబట్టి సీజనులో మా కొట్టుకు ఒక తీపి వాసన ఉండేది, తీగల మీద చీమలు బారులు తీరేవి. నేను డిగ్రీ రెండుసార్లు తప్పి, ఇంట్లో ముఖం చూపించలేక మావయ్య దగ్గర చేరాను. తప్పినవాడిని ఎవరూ ఏమీ అనకపోతే ఎంత సిగ్గుగా ఉంటుందో తప్పినవాళ్ళకే తెలుస్తుంది. మావయ్య ఏమీ అనలేదు, చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చారు.

ఆ రోజుల్లోనే ఆంప్లిఫయర్ సామాను కోసం నేనూ బావా విశాఖపట్నం వెళ్ళి, పేవ్‌మెంటు మీద ఎంపీత్రీ సీడీలు అమ్మేవాడి దగ్గర సుప్రభాతాల సీడీ కొంటే, వాడు పక్కనున్న ఇంకోటి కూడా అంటగట్టాడు. మీద ఏమీ రాసి లేదు. కొట్టుకు వచ్చి పెట్టి చూస్తే నూటయాభై పాటలు, ఒక్కదానికీ పేరు లేదు, ట్రాక్ ఒకటి, ట్రాక్ రెండు, అంతే. మొదటిదే ఆ గొంతు పాట. బావ చేతిలో టంకం కడ్డీ చల్లారిపోయింది. పాట అయ్యాక ఆయన మళ్ళీ మొదటి నుంచీ పెట్టాడు. ఆకలి రుచి ఎరగదంటారు, అప్పుడు మాకు అన్నీ నచ్చేవి. వేగంగా ఉన్నవి, నెమ్మదిగా ఉన్నవి, గొంతున్నవి, లేనివి, ఏది మంచిదో ఏది నాసిరకమో చెప్పేవాడు లేక నూటయాభైనీ ప్రేమించాం. ట్రాన్స్ అభిమానిగా నా బతుకులో సిగ్గు లేని రోజులు ఏవైనా ఉంటే అవే.

ఆ సరదా కొద్దీ బావ ఒక పెళ్ళి ఊరేగింపులో మొదటి ట్రాక్ పెట్టాడు. సాయంత్రం, వ్యాను మీద బాక్సులు, వెనక జనరేటరు, ముందు పెళ్ళికొడుకు స్నేహితులు. డ్రమ్ము మొదలవగానే కుర్రాళ్ళు రెచ్చిపోయారు, మా ఆనందానికి అవధులు లేవు. రింగురోడ్డు మలుపు దగ్గరకు వచ్చేసరికి పాట నడుమకు చేరింది, డ్రమ్ము ఆగిపోయింది. కుర్రాళ్ళు ఎత్తిన కాళ్ళు ఎత్తినట్టే ఆగి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ గొంతు సన్నగా వస్తూనే ఉంది గానీ, అంత జనంలో, జనరేటరు మోతలో, బాక్సు పక్కన నిలబడ్డ మా ఇద్దరికి తప్ప ఎవరికి వినబడుతుంది? ఎవరో కరెంటు పోయిందన్నారు. ఇంకెవరో జనరేటరులో డీజిలు అయిపోయిందన్నారు. మావయ్య పరుగెత్తుకొచ్చి జనరేటరు మీద ఒక్కటిచ్చి, తీగలన్నీ కుదిపి, ఆంప్లిఫయర్ కట్టేసి మళ్ళీ పెట్టారు. పాట మళ్ళీ మొదటికి వచ్చింది. కుర్రాళ్ళు మళ్ళీ ఎగిరారు, మళ్ళీ అదే చోట ఆగారు. మూడోసారి ఆడపెళ్ళివారి పెద్దాయన వచ్చి, చెడిపోయిన సెట్టు తెచ్చి మా పరువు తీశారని అందరి ముందూ మావయ్యను అనరాని మాటలన్నాడు. సెట్టు బాగానే ఉందనీ, పాటే అలా ఉంటుందనీ చెప్పడానికి నేను ముందుకు వెళ్ళాను, కానీ ఆగిపోయే పాటను ఊరేగింపుకు ఎందుకు తెచ్చారని అడుగుతారని మధ్యలోనే తట్టింది. వెనక్కి వచ్చేశాను.

మావయ్య ఇంటికొచ్చి, అన్నం తిని, చెయ్యి కడుక్కుని, అప్పుడు చెప్పారు.

"ఆ ఏడుపు ముక్క తీసీండిరా ఎర్రోళ్ళారా. జనం ఎగరడానికొత్తారు గానీ పరామర్శకి రారు."

అలా కోత మొదలైంది. కొట్లో ఒక పాత కంప్యూటరు ఉండేది. అందులో పాటను బొమ్మగా చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించుకున్నాం. డ్రమ్మున్న చోట బొమ్మ లావుగా, నడుమ సన్నగా ఉండేది. ఆ సన్నటి చోటు మొదటి నుంచి చివరిదాకా గీత గీసి, డిలీట్ కొట్టి, అటు డ్రమ్ముకీ ఇటు డ్రమ్ముకీ దెబ్బ తప్పకుండా అతుకు వెయ్యాలి. అతుకు వెయ్యడంలో నాకు చెయ్యి తిరిగింది. బావ పక్కన స్టూలు మీద కూర్చుని, ఒక్కో పాటా కోసే ముందు ఒకసారి పూర్తిగా విని, "తీసీ, మరేటి సేత్తాం" అనేవాడు. వంద పైచిలుకు పాటలకు నడుములు తీసేశాం. ఊరేగింపుల్లో అవి అద్భుతంగా పనిచేశాయి. ఆగని పాటల సెట్టు అని మావయ్యకు బుచ్చయ్యపేట నుంచీ గొలుగొండ నుంచీ కూడా పిలుపులు వచ్చాయి. కొట్లో మాత్రం, పని లేని మధ్యాహ్నాలు, మేం కొయ్యనివే పెట్టుకునేవాళ్ళం.

తర్వాత నేను నెట్ సెంటర్లో పనికి కుదిరాను. ఇవాళ నేను నడుపుతున్న కొట్టు అదే, పేరు మార్చలేదు గానీ నెట్ కోసం ఎవరూ రారు. అక్కడ జనం లేనప్పుడు వెతగ్గా వెతగ్గా, ప్రపంచంలో ట్రాన్స్ వినేవాళ్ళు కూడి వాదించుకునే ఒక చర్చావేదిక దొరికింది. నాకు ఒళ్ళు పులకరించింది. నాలాంటివాళ్ళు ఇంతమంది ఉన్నారా అని. వచ్చీరాని ఇంగ్లీషులో ధైర్యం చేసి, నాకు ఆడగొంతు ఉన్న పాటలంటే ఇష్టమని రాశాను. మర్నాడు చూస్తే జవాబుల వరద. ఆడగొంతు పాటలు ట్రాన్సే కావట, అవి మిఠాయి కొట్టు సరుకట, ఏడో తరగతి పిల్లలు వినేవట. నన్ను ఎవరూ చూడని గదిలో, మొహం తెలియనివాళ్ళు అన్న మాటలకు, చెవులు ఎర్రబడిపోయి కంప్యూటరు కట్టేశాను. డిగ్రీ తప్పినప్పుడు పడని సిగ్గు ఆ రోజు పడ్డాను.

అక్కడి నుంచి నా రుచి మారింది, మారిందని చెప్పుకున్నాను. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, వాళ్ళు ఏది గొప్పదంటే అదే దింపుకుని విన్నాను. మొదట హార్డ్ ట్రాన్స్, రోకలి పోటు లాంటి డ్రమ్ము. తర్వాత సైట్రాన్స్, అందులో రాగం ఉండదు, చెవిలో తేనెటీగ దూరినట్టు గుంయిమంటూ ఉంటుంది. ఏడాదికో రెండేళ్ళకో వాళ్ళు దాన్నీ వదిలి ప్రోగ్రెసివ్ అన్నారు, అది ఎంతసేపు విన్నా మొదలైనట్టే ఉండదు, నేను దాన్నీ మెచ్చుకున్నాను. కొత్తొక వింత, పాతొక రోత. నాలుగేళ్ళలో మూడు రకాలు మారి, మారినప్పుడల్లా నిన్నటిదాకా నేను విన్నదాన్ని వినేవాళ్ళంటే చిన్నచూపు తెచ్చుకున్నాను. ప్రతి ఏడూ ఆ వేదికలో ట్రాన్స్ చచ్చిపోయిందని ఎవరో ఒకరు ప్రకటించేవారు. సరిగ్గా గమనిస్తే, ఎవరికి ఇరవై రెండేళ్ళు దాటితే ఆ ఏడే వాళ్ళ దృష్టిలో ట్రాన్స్ చచ్చిపోయేది. నేనూ రెండుసార్లు ప్రకటించాను.

ఇవన్నీ తెచ్చి బావ నెత్తిన రుద్దేవాణ్ణి. ఆయన ఆ మొదటి సీడీ దగ్గరే ఉన్నాడని నా నమ్మకం, ఆయనను పైకి తీసుకురావాలని నా తాపత్రయం. ఇద్దరం మావయ్య కొట్లో కూర్చుని గంటలకొద్దీ వాదించుకునేవాళ్ళం. ఆయన నెమ్మదస్తుడే గానీ పాట దగ్గర మొండివాడు, పుర్రెకో బుద్ధి జిహ్వకో రుచి అనేసి మొదటి ట్రాక్ పెట్టేవాడు. అది మిఠాయి కొట్టు పాట అని నేను వెక్కిరించేవాణ్ణి, ఆ మాట ఎక్కడి నుంచి తెచ్చుకున్నానో చెప్పకుండా. అక్క గోడ అవతలి నుంచి టీ గ్లాసులు తెచ్చి పెట్టి, సౌండ్ తగ్గించమని చెప్పి వెళ్ళేది. ఆడవాళ్ళకు ఈ మోత పడదని మేమిద్దరం, ఆ ఒక్క విషయంలో మాత్రం, ఏకాభిప్రాయానికి వచ్చేవాళ్ళం.

చెప్పక తప్పదు, ఆ రోజుల్లో కూడా నెట్ సెంటర్లో జనం లేని వేళ, తలుపు దగ్గరగా వేసుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కొయ్యని మొదటి ట్రాక్ వినేవాణ్ణి. ఎవరైనా వస్తే చప్పున మార్చేసేవాణ్ణి. సిగరెట్టు దాచే కుర్రాడికీ నాకూ తేడా లేదు. అనకాపల్లిలో ఎవడికీ హార్డ్ ట్రాన్సుకూ గొంతున్న వోకల్ ట్రాన్సుకూ తేడా తెలియదు, ఎవరు చూస్తే ఏమవుతుందని అంత భయమో ఇప్పటికీ చెప్పలేను.

ఆ తర్వాత అందరికీ జరిగేవే మాకూ జరిగాయి. నాకు పెళ్ళయింది, పిల్లలు, కొట్టు, పాటలు వినడం ఎప్పుడు ఆగిందో కూడా గుర్తులేకుండా ఆగింది. మావయ్య పోయారు. బావ కొన్నాళ్ళు డీజే బండి నడిపాడు. బాక్సులు ఏటేటా పెద్దవయ్యాయి, ఆయన వాటి పక్కనే నిలబడి, నిలబడి, ముందు పక్కవాళ్ళ గుసగుసలు, తర్వాత ఫోన్ మోగడం, ఆ తర్వాత అక్క మాట వినడం మానేశాడు. అక్క మాట వినకపోవడం చెవుడు వల్ల కాదని మేం ఆటపట్టించేవాళ్ళం. చివరకు డాక్టరు గట్టిగా చెప్పాక సెట్టంతా అమ్మేసి, బుచ్చయ్యపేట దగ్గర వాళ్ళమ్మ తరఫు పొలంలో చెరుకు వేసుకుని అక్కడే ఇల్లు కట్టుకున్నారు.

నేను మళ్ళీ ఈ పాటల్లో పడింది ఈమధ్యనే. ఫోన్లో ఏదో వెతుకుతుంటే, పేరు కూడా తెలియని ఆ మొదటి ట్రాక్, పేరుతో, పాడినామె ఫొటోతో సహా దొరికింది. కొట్లో ఎవరివో పట్టాదారు పాసుపుస్తకాలు జిరాక్సు తీస్తూ చెవిలో పెట్టుకున్నాను. నడుమకొచ్చి డ్రమ్ము ఆగి ఆ గొంతు మొదలవగానే, యాభయ్యోపడిలో పడుతున్న మనిషిని, కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారిపోయాయి. ఎదురుగా ఉన్న రైతు జిరాక్సు మిషను వేడికి అనుకున్నాడో ఏమో, ఫ్యాను వేసుకోమన్నాడు. అప్పటి నుంచీ వినేది అవే. డ్రమ్మున్న భాగం దాటించేసి నడుమ ముక్క ఒక్కటే వింటున్నాను. ఒకప్పుడు ఏది కోసి పారేశానో అదే ఇప్పుడు నాకు కావాలి, ఏది మిగిల్చానో అది పోటుగా ఉంటోంది. రుచి మారడమంటే ఇంతే కాబోలు. అయినా ఇంట్లో ఎవరైనా ఏం వింటున్నావని అడిగితే పాత సినిమా పాటలని చెబుతాను.

అందుకే బావ ఫోన్ చేసిన రోజు నాకు గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. మొదటి ట్రాక్ వినిపిస్తే, ఇన్నేళ్ళూ వెక్కిరించింది దొంగ వెక్కిరింపని ఒప్పుకోవాలి. హార్డ్ ట్రాన్స్ వినిపిస్తే, కొత్తగా తెరుచుకున్న చెవిలో అబద్ధం పోసినట్టవుతుంది. మా ఇద్దరి మధ్య ఎప్పుడూ ఆస్తులు లేవు, గొడవలు లేవు, పాటలే ఉన్నాయి. ఆయన చెవితో పాటు అవీ పోయాయనుకున్నాను. ఇప్పుడు తిరిగొచ్చాయి. పాడు చేసుకుంటే ఇక మిగిలేది లేదు.

ఆదివారం పొద్దున్నే చిన్న స్పీకరు సంచిలో వేసుకుని, అక్కకు ఇష్టమని మాడుగుల హల్వా పొట్లం పట్టుకుని బండి మీద బయల్దేరాను. దారి పొడుగునా మనసులో మాటలు కూర్చుకున్నాను. బావా, నీదే నిజం, ఆ పాటలే పాటలు. ఎన్నిసార్లు అనుకున్నా హెల్మెట్ లోపల మొహం వెచ్చబడుతూనే ఉంది.

బావ వరండాలో కుర్చీ వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. చెవి వెనక బఠాణీ గింజంత మిషను, దాన్ని ఊరికే తడుముకుంటున్నాడు. అక్క గడప పక్కన కూర్చుని చేటలో మినప్పప్పు బాగుచేస్తోంది. స్పీకరు అరుగు మీద పెట్టి, కూర్చుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాక, తిన్నగా మొదటి ట్రాక్ పెట్టేశాను. డ్రమ్ము మొదలైంది. బావ కాలు ఆడించాడు, మొహం విప్పారింది, చేత్తో కుర్చీ మీద దెబ్బ వేశాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. నడుమకు వచ్చింది. డ్రమ్ము ఆగి, ఆ గొంతు లేచింది. నేను ఆయన మొహమే చూస్తున్నాను. బావ కాలు ఆగింది. చెవి మిషను సర్దుకున్నాడు. కాసేపు ఓపిక పట్టి, మొహమాటంగా నవ్వాడు.

"ఇనబడతంది లే. ఇనబడక కాదు. ఇది కాదు బామ్మర్దీ, నువ్వు కోసిందుంటాది సూడు, అది ఎట్టు. అదే మన పాట."

నీకు ఈ పాటంటే ప్రాణం కదా అన్నాను. అది అప్పుడెప్పటి మాటో అన్నాడు. ఏళ్ళ తరబడి బండి మీద కోసినవే వేస్తూ, ఎదురుగా ఎగిరే కుర్రాళ్ళ మొహాలు చూస్తూ చూస్తూ, ఆగని పాటే తనకు ఒంటబట్టిపోయిందట. అదే నిజమైన పాటనీ, ఇది ఎవరో కావాలని మధ్యలో సాగదీసినట్టుందనీ అన్నాడు. నా అతుకు ఎంత బాగుండేదో అక్కకు చెప్పాడు. దెబ్బ కూడా తప్పేది కాదట. నేను మారుతూ మారుతూ మళ్ళీ మొదటికి వచ్చేసరికి, అక్కడ ఉంటాడనుకున్న మనిషి ఎప్పుడో లేచి వెళ్ళిపోయాడు. దారంతా దాచుకుని తెచ్చిన ఒప్పుకోలు నా చేతిలోనే ఉండిపోయింది. దాని అవసరం ఆయనకు లేదు. కోసిన పాట నా దగ్గర లేదు, ఆ కంప్యూటరు ఎప్పుడో పాతసామానుకు వేసేశాం. ఏం చెయ్యాలో తెలియక పాట ఆపేశాను.

అక్క చేట మీద నుంచి తలెత్తలేదు.

"ఆపీసేవేటి? ఆ అమ్మాయిని పాడనీ."

నేను వినబడనట్టు చూశాను. అక్క మళ్ళీ అంది. పెట్టాను. ఆ గొంతు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే లేచింది. అక్క చెయ్యి పప్పులోనే ఉంది గానీ, గింజ కదలడం లేదు. గొంతు పైకి వెళుతూ ఉంటే అక్క పెదవులు కూడా కదిలాయి. మాటలు కావు, రాగం. ఎక్కడ తిరుగుతుందో, ఎక్కడ నిలుస్తుందో, ముందే తెలిసినట్టు, ఒక్క చోట కూడా తడబడకుండా. డ్రమ్ము వచ్చి పడగానే పాడడం ఆపి, సౌండ్ తగ్గించమంది.

ఈ రాగం నీకెలా వచ్చని అడిగాను. అక్క చెప్పింది చెప్పినట్టే రాస్తాను.

"గోడ అవతల నాకు పాటేటి ఇనబడీదిరా? గుద్దుడే. పొయ్యి మీద సట్లన్నీ అదిరీవి. ఆ గుద్దుడు ఆగిందంటే అప్పుడు ఈ అమ్మాయి పాడీది. ఆ కాస్సేపూ పనాపుకుని నిలబడీదాన్ని. గుద్దుడు తగ్గిత్తే ఇంకాస్త ఇనబడతాదని సౌండ్ తగ్గించమనీదాన్ని. మీ కోత అయ్యేకా, నువ్వు నెట్ సెంటర్‌కి ఎల్లిపోయేకా, నువ్వు రానప్పుడు ఇంట్లో కూడా కోసినవే ఎట్టీవోడు మీ బావ. మరి గుద్దుడే."

మరి అప్పుడే చెప్పొచ్చు కదా అన్నాను. ఆ మాట అంటున్నప్పుడే నాకు తలకొట్టేసినట్టయింది.

"నన్నెవులడిగేరు? మీరిద్దరే కదా కొట్టుకునీవోరు," అంది అక్క, ఏ నిష్ఠూరమూ లేకుండా, పప్పులో రాయి ఏరి అవతల పారేస్తూ.

బావ నా మొహమూ, నేను బావ మొహమూ చూసుకున్నాం. ఆయన చెవి మిషను సర్దుకోబోయి, చెయ్యి దించేశాడు. ఆ గొంతు గొప్పదా చవకబారుదా అని మేం కొట్టుకున్న ఏళ్ళలో, దాని కోసం గోడ అవతల పని ఆపుకుని నిలబడ్డ ఒకే ఒక్క మనిషిని మేం టీ గ్లాసుల కోసం తప్ప తలుచుకోలేదు. నిజమైన అభిమాని ఎవరని ముక్కూ మొహం తెలియనివాళ్ళతో వాదించి, వాళ్ళ మాటకు సిగ్గుపడి, వాళ్ళకు నచ్చాలని నా చెవినే మార్చుకోబోయినవాణ్ణి, ఇంట్లో ఒక్కసారి, అక్కా నీకేది బాగుందని అడగలేదు. సిగ్గు నాకు కొత్త కాదని ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. కానీ ఇన్నాళ్ళూ నేను పడ్డది సిగ్గే కాదని ఆ వరండాలో తెలిసింది.

అక్క ఫోన్లో ఆ పాట పెట్టి ఇచ్చాను. చెవిలో పెట్టుకునే తీగ కూడా ఒకటి ఇస్తే, అది పెట్టుకుంటే ఎవరైనా పిలిచినా వినబడదని వద్దంది. బావకు కోసిన పాట మళ్ళీ తయారు చేసి పంపాను, అతుకు మునుపటంత బాగా కుదరలేదు.

మా రోజుల్లో పాట వినాలంటే ఇంటిల్లిపాదికీ, ఒక్కోసారి వీధంతటికీ వినబడక తప్పేది కాదు. మన రుచి మారితే గోడ అవతలివాళ్ళ పాట కూడా మారిపోయేది, వాళ్ళను అడగాలన్న ఇంగితం మాత్రం మనలో చాలామందికి లేకపోయింది. ఇప్పుడు మా ఇంట్లో నలుగురం ఒకే గదిలో, నాలుగు జతల చెవుల్లో నాలుగు పాటలతో కూర్చుంటాం. ఎవరి పాట మీదా ఎవరి కత్తీ పడదు, ఎవరి పాటా ఎవరినీ పని ఆపి నిలబెట్టదు. నా భార్య ఏం వింటుందో నాకు తెలియదు. నిన్న అడిగాను. ఎందుకు అడుగుతున్నావన్నట్టు చూసి, ఊరికే పాత పాటలంది.